అంచు తెగిన ఇత్తడి బిళ్ళ

నేను నడిస్తే చప్పుడు రాదని రంగూన్‌లో మా పజుండౌంగ్ వీధిలో అందరూ అంటారు. మా కింది వాటాలో మొహింగా, అదే చేపల పులుసు నూడుల్స్, కొట్టు నడిపే డా ట్వే అయితే, పైన మనుషులున్నారో లేదో కూడా తెలియదని, ఇలాంటి పొరుగు ఎవరికి దొరుకుతుందని, తినడానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విషయానికే. మిగతా అన్నిటికీ తిట్టింది. ఈ మెప్పులన్నీ నేను ఇన్నేళ్ళూ హాయిగా పుచ్చుకున్నాను. పోయిన నెల ఉత్తరాన కొండల్లో ఉన్న ఒక గని ఊరికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ అవి తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది.

అంత మెత్తగా నడవడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా నానమ్మ నేర్పింది. అప్పట్లో మేము పజుండౌంగ్ కాలువకి దగ్గరగా ఒక వరస ఇళ్ళల్లో ఉండేవాళ్ళం. మట్టినేల, తాటాకు తడికలు, పైన రేకు. వానాకాలం వస్తే కాలువ వాసనా, ఎండు రొయ్యల వాసనా, నానమ్మ చుట్ట వాసనా కలిసిపోయి ఒకే వాసన అయ్యేవి. నానమ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆ చుట్టతోనే చేపలు తోమేది, ఆ చుట్టతోనే నాకు తలదువ్వేది, ఆ చుట్టతోనే పక్కింటివాళ్ళతో పోట్లాడేది. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే ఓడెక్కి వచ్చిన మనిషి. రంగూన్‌లో ముసలిదైపోయినా బర్మీస్ మాట ఒక్కటి కూడా సరిగ్గా పలకలేదు, పలకాలని అనుకోనూ లేదు. కూరల బజారులో తెలుగులోనే బేరమాడేది, బర్మా వాళ్ళే సర్దుకునేవాళ్ళు.

మా నాన్న ముందు బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోసేవాడు. నాకు బాగా చిన్నప్పుడే స్నేహితుడు సన్నాసి మామతో కలిసి కొండల్లో వెండీ సీసమూ తవ్వే గనికి పనికి పోయాడు. నాన్న మొహం నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా నన్ను భుజం మీద కూర్చోబెట్టుకున్నప్పుడు కింద తల మీద కొబ్బరినూనె జిడ్డు, నా చేతులకంటుకునేది. ఏడాదికోసారి వచ్చేవాడట. ఒక ఏడు మాత్రం ఆయన రాలేదు. సన్నాసి మామ ఒక్కడే తడుస్తూ వచ్చి, గుమ్మం బయటే నిలబడి, నానమ్మ చేతిలో ఒక ఇత్తడి బిళ్ళ పెట్టాడు. రూపాయి కంటే పెద్దది, పైన కన్నం, మధ్యలో అంకెలు కొట్టి ఉన్నాయి, అంచున ఒకచోట కొరికినట్టు తెగి ఉంది. గని కూలిపోయిందని, మనిషి దొరకలేదని, బిళ్ళ మాత్రం దొరికిందని నాకు చెప్పారు. అమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. నానమ్మ అమ్మ చేతిగాజులు తనే గడపకేసి కొట్టింది. ఆ చప్పుడు నాకు ఇవాళ్టికీ వినిపిస్తుంది, ఎందుకంటే మా ఇంట్లో అదే ఆఖరి పెద్ద చప్పుడు.

ఆ తర్వాతి రోజుల్లోనే నానమ్మ ఆ మాట అంది. నేను ముంగిట్లో ఇంకో పిల్లతో గెంతుతుంటే చెయ్యి పట్టి లోపలికి లాగింది.

"నేల మీద అలా దుంకకే అమ్మీ. కింద మీ నానున్నాడు. ఆడి మీద మన్ను రాల్తాది" అంది.

నాకు అప్పుడు అయిదేళ్ళో ఆరేళ్ళో. నేలంతా ఒకటేనని, ఇక్కడ గట్టిగా అడుగేస్తే అక్కడ కొండ కింద నాన్న మొహం మీద మన్ను పడుతుందని నమ్మేశాను. నమ్మకపోవడానికి ఆ వయసులో ఏం ఉంటుంది? వీధిలో పిల్లలందరూ తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళు. నేను గోడవార కూర్చుని చూసేదాన్ని. ఆట మధ్యలో వాళ్ళు గట్టిగా గెంతితే నాకు నాన్న మొహం మీద రాలే మన్నే గుర్తొచ్చేది. ఒకసారి లేచి వెళ్ళి వాళ్ళని కూడా ఆపబోయాను, నవ్వారు. బడిలో డ్రిల్లు పీరియడ్‌లో కాళ్ళు కొట్టమంటే కొట్టనని నిలబడి దెబ్బలు తిన్నాను. మేము పై అంతస్తు చెక్కఇంటికి మారాక కూడా మానలేదు. ఇల్లు నిలబడింది నేల మీదే కదా అనుకున్నాను. పెద్దయ్యాక అది పిచ్చి మాటని తెలిసింది కానీ, కాళ్ళకి తెలియలేదు.

బిళ్ళని నానమ్మ పైడితల్లి పటం పక్కన అలమరలో పెట్టింది. శుక్రవారం శుక్రవారం అమ్మ దాన్ని చింతపండుతో తోమి, తుడిచి, తెగిన చోట కుంకుమ అద్దేది. అక్కడ ఎందుకు విరిగిందని నేనడిగితే రాయి పడిందని నానమ్మ చెప్పింది. అంటే ఆ రాయి బిళ్ళ మీదా పడింది, నాన్న మీదా పడింది, ఆ దెబ్బ నాన్న దెబ్బే. అందుకే బొట్టు అక్కడే పెట్టేవాళ్ళం, నాన్న గాయానికి పెట్టినట్టు. పరీక్షకి వెళ్ళే ముందు ఆ తెగిన అంచుని వేలితో తాకి వెళ్ళేదాన్ని. జ్వరమొస్తే అమ్మ దాన్ని నా నుదుటి మీద పెట్టేది, చల్లగా ఉండేది. ఎక్కాల కంటే ముందు నాకు దాని మీది అంకెలు వచ్చు. ఎవరికీ చెప్పుకోలేని మాటలు నేను ఆ బిళ్ళకి చెప్పుకున్నాను. పెళ్ళి కుదిరిందని కూడా ముందు దానికే చెప్పాను.

బిళ్ళ ఇంటికి వచ్చిన రోజు ఏటా మాకు నాన్న రోజు. ఆ రోజు వంకాయా ఎండు రొయ్యలూ వేసి పులుసు పెట్టేవాళ్ళు, ఆయనకి ఇష్టమట. ఆకులో అన్నం, పులుసు, పక్కన నానమ్మ వెలిగించి పెట్టిన చుట్ట, ముందు బిళ్ళ. ఆ రోజు నానమ్మ ఏడ్చేది కాదు. ఆకు ముందు గొంతుకూర్చుని, పళ్ళ బిగువున అనేది.

"తిను. ఎక్కడున్నావో అక్కడే తిను. తినీసి పో."

కొడుకు పోయిన తల్లి కడుపుకోత అలా ఉంటుందేమో అనుకునేదాన్ని. ఆ గొంతులో కోపాన్ని నేను చూడలేదు, చూసే అవసరం నాకు లేకపోయింది. సన్నాసి మామని కూడా ఆ రోజు భోజనానికి పిలిచేవాళ్ళు. ఎన్నడూ గడప దాటి రాలేదు. వీధిలోంచే "ఆకలి నేదమ్మా" అనేసి తలొంచుకుని పోయేవాడు. స్నేహితుడు పోయిన బెంగ అనుకున్నాం, కాదు, నేను అనుకున్నాను. మిగతావాళ్ళు ఏమనుకున్నారో ఇప్పుడు తెలిసింది.

అమ్మ అప్పటికి పాతికేళ్ళది కూడా కాదు. అప్పట్నించీ బొట్టు లేదు, పువ్వు లేదు. అద్దకపు రంగు చీరలన్నీ చుట్టి ఎవరికో ఇచ్చేసింది. బర్మా ఆడవాళ్ళందరితో పాటు థనఖా చెక్క అరగదీసిన గంధం మాత్రం బుగ్గలకి రాసుకునేది, అది చలవకి, అలంకారానికి కాదు కదా అని నానమ్మ ఒప్పుకుంది. వీధిలో ఎవరింట పెళ్ళయినా అమ్మ వంటలు చెయ్యడానికి ముందుండేది, పందిట్లోకి వచ్చేది కాదు. నా పెళ్ళిలోనూ అంతే. నాకు పసుపు రాసింది మా మేనత్త, మంగళహారతి ఇచ్చింది మేనత్త. అమ్మ వంటింటి తెర వెనకాల నిలబడింది. తెర కింద అమ్మ పాదాలు కనిపిస్తుంటే నేను పీటల మీద ఏడ్చాను. నాన్న రాయి కింద పడకపోతే ఈ పాదాలు ఇక్కడ, నా పక్కన, ఉండేవి కదా అని ఏడ్చాను. మా మామగారు ఆ వేళ వచ్చినవాళ్ళందరితో, గనిలో ప్రాణమిచ్చినాయన కూతుర్ని చేసుకుంటున్నాం అని గొప్పగా చెప్పుకున్నారు. నాకూ గొప్పగానే ఉండేది. అబద్ధమెందుకు.

ఇక ఈ మధ్య సంగతి. నేను ఆదివారాలు గుడి వసారాలో పిల్లలకి తెలుగు అక్షరాలు చెబుతాను. వాళ్ళలో ఒక పిల్ల తండ్రికి లారీ ఉంది. ఆయనే చెప్పాడు, ఆ గని ఊళ్ళో పాత ఆఫీసు ఇంటిని మ్యూజియం చేశారని, గనిలో పోయినవాళ్ళకి అక్కడ ఒక గోడ ఉందని, వారసులు వచ్చి అడిగితే కొత్త పేర్లు కూడా చేరుస్తున్నారని. ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. మా నాన్నకి సమాధి లేదు, బూడిద లేదు, ఒక ఫోటో లేదు. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న అమ్మకి ఎనభై దాటాయి. ఆమె కళ్ళు మూసేలోపు ఆయన పేరు ఒక గోడ మీద ఉండాలి అనుకున్నాను. అమ్మతో చెబితే వెల్లుల్లి వలుస్తున్నది ఆగిపోయింది.

"అంత దూరం నీకెందుకే నూకా? దారులు బాగోలేవు" అంది.

"దారి తెరిచున్న రోజులు చూసుకునే ఎల్తాను. నాన్న పేరు ఎక్కడో ఓ చోట ఉండాల కదే అమ్మా."

"ఉంటే ఏటొస్తాది?"

నా పట్టు తెలుసు కనక ఇంకేమీ అనలేదు. వెళ్ళే రోజు బిళ్ళని పాత గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. "పేరు సెప్పు సాలు. బిళ్ళ ఎవరికీ సూపించకు, పోతాది" అంది. పాపం, ఇన్నేళ్ళ తర్వాత కూడా మొగుడి గుర్తు అంటే ఎంత భయమో అనుకున్నాను. ఆ 'పాపం' అన్న మాట నా కడుపులో ఇప్పటికీ అరగలేదు.

ఊరు చిన్నది. ఒక వీధి, ఒక బజారు, కొండ మీద తుప్పుపట్టిన రేకుల షెడ్లు. మ్యూజియం అంటే నాలుగు గదులు, తడిసిన చెక్క వాసన, కిరసనాయిలు వాసన. గోడల వెంట కార్బైడ్ దీపాలు, సొట్టపోయిన టోపీలు, ఖనిజం రాళ్ళు, బయట ఒక ఇనప బండి. చూసుకునే అమ్మాయి పేరు మ ఖమ్. పాతికేళ్ళుంటాయి, ఆ కొండల్లోని షాన్ జాతి పిల్ల, పట్నంలో కాలేజీ చదివి వచ్చిందట. నేను రంగూన్ నుంచి వచ్చానంటే కుర్చీ వేసి టీ పోసింది. చనిపోయినవాళ్ళ గోడ ఏదమ్మా అంటే లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

గోడకి పొడుగ్గా టేకు పలక. దాని మీద మేకులతో కొట్టిన ఇత్తడి బిళ్ళలు, వరసలు వరసలు. మా బిళ్ళ లాంటివే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇంతమందిలో మా ఇంటి బిళ్ళ ఒకటి తప్పిపోయి మా అలమరలో ఉండిపోయిందే అని. అమ్మ చెప్పిన మాట మర్చిపోయి గుడ్డ విప్పేశాను. మా నాన్నది, గని కూలిపోయినప్పుడు పోయాడు, ఇక్కడ కొట్టండి అన్నాను. మ ఖమ్ బిళ్ళని తీసుకుని వేళ్ళతో తిప్పింది. అంచు చూసింది. మళ్ళీ నా మొహం చూసింది. "ఆంటీ, ఇలా రండి" అని పక్క గదిలోకి నడిచింది.

అక్కడ అద్దాల పెట్టెలో ఒక పెద్ద పటకారు. దాని పక్కన పళ్ళెంలో కొన్ని బిళ్ళలు. అన్నిటికీ అంచున ఒకచోట, మా దానికి తెగిన చోటే, ఒకే కొలతలో తెగి ఉంది. నేను మొదట అందరి మీదా రాళ్ళు పడ్డాయా అనుకున్నాను, చూడండి నా తెలివి. మ ఖమ్ మెల్లగా చెప్పింది. గనిలోకి దిగే మనిషి బిళ్ళ చూపించి దిగాలి, ఎక్కాక చూపించి బయటికి పోవాలి. పని మానేసి వెళ్ళిపోయే మనిషి బిళ్ళని ఆఫీసులో ఈ పటకారుతో కత్తిరించి అతని చేతికే ఇచ్చేవాళ్ళు, వేరేవాళ్ళు దాంతో దిగకుండా. లోపల పోయినవాళ్ళ బిళ్ళ కత్తిరించరు, ఇంటికీ పంపరు. మనిషి పైకి రాలేదు కనక బిళ్ళ కూడా గని దగ్గరే ఉండాలని కూలీలే పెట్టుకున్న ఆచారమట, ఆ పలక వాళ్ళు చేసిందే.

"మీ నాన్నగారు పైకి వచ్చారు ఆంటీ. తనంతట తనే వెళ్ళారు" అంది. అది నాకు మంచి వార్త అనుకుంది ఆ పిల్ల. నవ్వుతూ చెప్పింది.

నేను ఏడవలేదు. టీ చల్లారిపోతుందని తాగేశాను. తిరుగు బస్సు దారంతా ఒకటే ఆలోచన, అమ్మకి ఎలా చెప్పాలి. మొగుడు తనని వదిలేసి పోయాడని, ఇన్నేళ్ళు తీసేసుకున్న బొట్టు ఊరికే తీసేసుకున్నదని, ఈ వయసులో చెబితే ఆ మనిషి ఏమైపోతుంది? సన్నాసి మామని తిట్టుకున్నాను. మా నానమ్మనీ అమ్మనీ ఎంత మోసం చేశాడు, ఆకు ముందు కూర్చోలేకపోయాడంటే కూర్చోలేడు మరి. చివరికి చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. పేరు రాశారని ఒక అబద్ధం ఆడేస్తే అమ్మ హాయిగా పోతుంది. నేను ఒక్కదాన్నే మోస్తాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అన్నం తిన్నావా అంది. తిన్నానన్నాను. అబద్ధం అలవాటు చేసుకుంటున్నాను కదా.

"పేరు రాసుకున్నారే అమ్మా. పెద్ద పలక ఉంది. బాగుంది" అన్నాను.

అమ్మ గింజ తీసి పక్కన పెట్టింది. తలెత్తకుండానే అడిగింది.

"అంచు సూసి ఏటన్నారు?"

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమెకి ఎదురుగా కూర్చున్నాను.

"నీకు తెలుసా?"

"తెలవకేటి. సన్నాసి సెప్పేడు ఆ రోజే. ఆ కొండల్లో ఎవర్తినో కట్టుకున్నాడంట. నా కోసం సూడొద్దని సెప్పి బిళ్ళ ఇచ్చి పంపినాడు. మీ నానమ్మ ఆ మాట ఇనీసి, ఇయ్యాల్టి నుంచి నా కొడుకు సచ్చిపోయేడు అంది. గాజులు కొట్టీసింది. నాను ఊరుకున్నాను."

"ఎందుకూరుకున్నావు?"

"ఒగ్గేసిన పెళ్ళాం అంటే వీధిలో ఎలా సూస్తారో నీకు తెల్దు. మొగుడు గనిలో పోయేడంటే నలుగురూ బియ్యం తెచ్చి పోసేరు. నీకు సమ్మంధం వొచ్చింది. తండ్రి ఒగ్గేసిన కూతురికి ఎవులొస్తారే?"

"వీధికి అలా చెప్పుకోండి. నాకెందుకు చెప్పలేదు?"

"సిన్నపిల్లవి. ఆడుకుంటూ ఎక్కడో అనేస్తావని."

"పెద్దయ్యాక?"

"అప్పటికి నమ్మీసినావు. రోజూ దానికి దండం ఎడతావు. నీ మొకం సూసి ఎలా సెప్పమంటావు?" అంది.

నాన్న ఏమయ్యాడో తెలుసా అని అడిగాను, తెలియదంది. నా గురించి ఏమైనా అడిగాడా అని కూడా అడిగాను. అరవై దాటిన దాన్ని, ఆ మాట అడిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. సన్నాసి ఏమీ చెప్పలేదంది అమ్మ.

ఆయన పోవడం నాకు అంత కొత్తగా లేదు. మగాళ్ళు పోతారు, రేవు ఊళ్ళో పుట్టినదానికి ఆ మాత్రం తెలుసు. మొహం గుర్తులేని మనిషి మీద ఎంతని కోపం తెచ్చుకోను. కానీ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, జ్వరానికి నుదుటి మీద పటకారుతో కత్తిరించిన బిళ్ళ పెట్టిన మనిషి ఇదిగో ఎదురుగా ఉంది. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకీ నిజం తెలుసు, వీధిలో తలొంచుకుపోయే మనిషికీ తెలుసు. ఏటా ఆకు వేసినప్పుడు ఆ ఇంట్లో నిజంగా దుఃఖపడింది నేనొక్కదాన్నే. నా కోసమే చేశారంటే ఒప్పుకుంటాను. అయినా మోసమే. తెర కింద పాదాలు చూసి నేను ఏడుస్తుంటే తెర వెనకాల ఆమె ఏమనుకుందో నేను అడగలేదు, వినే ఓపిక లేకపోయింది. ఇప్పుడు మా వీధిలో మొగుడు వదిలేసిన ఆడపిల్లలు ముగ్గురున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు, మాకు తండ్రి లేడు, వదిలేసి పోయాడు అని వాళ్ళ పిల్లలు నవ్వుతూ చెబుతారు. మా మనవరాలు ఆదివారం వచ్చి ఇంట్లో గెంతితే, మొన్నటి దాకా నేనే దాని చెయ్యి పట్టి ఆపాను. కింద మీ ముత్తాత ఉన్నాడే అని బర్మీస్‌లో చెప్పాను, తెలుగు దానికి సరిగ్గా రాదని. ఆ పిల్ల కూడా కాలు కిందికి మెత్తగా దించింది. నా చేత కూడా చెప్పించారు.

గుడ్డలోంచి బిళ్ళ తీసి అమ్మ ముందు పెట్టాను. ఆ రోజు శుక్రవారం. చేతికున్న చింతపండుతోనే దాన్ని తోమడం మొదలుపెట్టింది. చెయ్యి దానంతట అదే పోయింది. తోమి, కొంగుతో తుడిచి, కుంకుమ భరిణె కోసం అటూ ఇటూ చూసింది. నేను లేచాను. భరిణె అందించడానికి కాదు, మంచినీళ్ళకి.

చాప దగ్గర్నుంచి వంటింటి దాకా చెక్కనేల. ఎప్పటిలాగే మడమ ఆనకుండా, వేళ్ళ మీద బరువు పెట్టి అడుగెయ్యబోయాను. ఆగాను. మడమ ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కిందికి వేశాను. అలమరలో గ్లాసులు కదిలాయి. కింద కొట్టులోంచి ఏం పడింది అని డా ట్వే బర్మీస్‌లో కేకేసింది. నా కాలు జివ్వున లాగింది.

"మెల్లిగా నూకా" అంది అమ్మ వెనకనుంచి. "కింద మీ నాన..."

అని ఆగిపోయింది.

"కింద నాన్న లేడమ్మా. కింద ఉన్నది డా ట్వే" అని, రెండో కాలు కూడా అలాగే వేశాను.